అధిక జ్యేష్ఠ మాసం వారికి ఒక జర్బరా రైతు విన్నపం

పరాభవ నామ సంవత్సరం, చేవెళ్ల దగ్గర ఒక పాలీహౌస్ నుంచి.

మహారాజశ్రీ అధిక జ్యేష్ఠ మాసం వారి దివ్య సముఖమునకు, పది గుంటల్లో జర్బరా పూలు పెంచుకునే రైతు నమస్కరించి రాసుకునేది. ఇక్కడ క్షేమం లేదు. తమరు అక్కడ క్షేమంగా ఉన్నట్టు పంచాంగంలో చూశాను.

మే 17న వేంచేశారు, జూన్ 15 దాకా బస. తమరున్నన్నాళ్లూ పెళ్లిళ్లు జరగవు. తమరి రాక ముందే తెలుసు కాబట్టి ఉగాదినాడే డెకరేషన్ పెద్దమనిషి ఒకాయన దగ్గర మాట తీసుకున్నాను. "పెళ్లిళ్లు లేకపోతేనేం, పుట్టినరోజులున్నాయి, కంపెనీల మీటింగులున్నాయి. రోజూ సగం కట్టలు నావి" అన్నాడు. నిన్న పొద్దున కోత ముగిసి, పూలన్నిటికీ ప్లాస్టిక్ టోపీలు తొడిగి, పదేసి చొప్పున కట్టలు కట్టి, పెట్టెలు ఆటో ఎక్కించాక ఫోన్ చేశాడు. "అధికమాసం కదండీ, ఉన్న ఒకటి రెండు ఫంక్షన్ల వాళ్లూ ప్లాస్టిక్ పూలు చాలన్నారు."

తమరి మీద నాకు కోపం లేదని ముందే మనవి చేస్తున్నాను. చంద్రుడి ఏడాదికి 354 రోజులు, సూర్యుడి ఏడాదికి 365. ఆ తేడా పోగుపడి రెండున్నరేళ్లు దాటేసరికి ఒక నెలవుతుంది. సంక్రమణం లేని ఆ నెలే తమరు. 2023లో శ్రావణానికి ముందు వచ్చారు, ఇప్పుడు జ్యేష్ఠానికి. సూర్యచంద్రుల ఖాతా సరిచేసి వెళ్లే ఆడిటరు లాంటి వారు. కాకపోతే తేడా వాళ్లిద్దరి మధ్య, వసూలు నా దగ్గర.

నేను అడిగేది ఒక్కటే. తమరు వచ్చిన సంగతి నా పూలకు ఎందుకు చెప్పలేదు?

తెల్లవారుజామునే లోపలికి వెళ్తాం. తొమ్మిది దాటితే పాలీహౌస్ ప్లాస్టిక్ కప్పు కింద మనిషి నిలవలేడు. మంచులా నీళ్లు చిమ్మే ఫాగర్లు వేద్దామంటే కరెంటు సరిగ్గా అప్పుడే పోతుంది. పూవు మధ్యలో బొడ్డు చుట్టూ పుప్పొడి రెండు వరుసలు కనబడగానే కోయాలి. కత్తి పెట్టకూడదు. కాడను మొదట్లో పట్టుకుని పక్కకు వంచి లాగితే టక్కుమని ఊడి వస్తుంది. కత్తితో కోస్తే మిగిలిన మోడు కుళ్లి మొక్కకు తెగులు తెస్తుంది. ఇదంతా అమ్ముడుపోయే పూల మర్యాద అనుకునేరు. అమ్ముడుపోని పూవునూ ఇలాగే కోయాలి. వదిలేస్తే మొక్క మీదే ముదిరి, దాని బలం తినేసి, బూజు పట్టి పక్క మొగ్గలనూ పాడుచేస్తుంది. అంటే కొనేవాడు లేకపోయినా అదే కూలి, అవే నీళ్లు, అదే ఎరువు. నిన్న ఎరుపు, పసుపు, తెలుపు, నారింజ అన్నీ కలిపి పెంటదిబ్బ మీద పోశాం. "ఏ పెళ్లిలోనూ ఇన్ని రంగులు చూడలేదయ్యా" అంది కోతకు వచ్చిన పెద్దావిడ. ఆవిడకు కూలి ఇచ్చి పంపాను. ఆ కూలి ఎక్కడి నుంచి వచ్చిందో తమరు అడగరు, నేను చెప్పను.

పక్క పొలం ఆయనది బంతి, చామంతి. ఆయనకు తమరు సాక్షాత్తూ పురుషోత్తమ మాసం. గుళ్లలో పూజలు, ఇళ్లలో వ్రతాలు. ఆయన పూలకు హైదరాబాద్ పూల మార్కెట్ గుడిమల్కాపూర్‌లో ఎదురుచూసేవాళ్లున్నారు. నా జర్బరాకు వాసన లేదు. దేవుడికి పెట్టరు, జడలో తురమరు, గుమ్మానికి కట్టరు. దానికి తెలిసిన చోటు ఒక్కటే, వధూవరుల కుర్చీల వెనుక. తమరు సరిగ్గా ఆ కుర్చీల్లోనే వచ్చి కూర్చున్నారు.

తమరి బంధువర్గం సంగతీ చెప్పాలి. నవంబరు చివర్లో వచ్చిన శుక్ర మూఢం ఫిబ్రవరి సగం దాటేదాకా కదల్లేదు. శుక్రుడు సూర్యుడి వెనక్కి పోతే ఇక్కడ ఫంక్షన్ హాళ్లకు తాళం పడింది. జూన్ 16 నుంచి నిజ జ్యేష్ఠం ఉంది కదా అంటారా? జ్యేష్ఠంలో పెద్ద కొడుక్కీ పెద్ద కూతురికీ ముడిపెట్టకూడదట. ఇంటికి ఒక్కరే సంతానమైన ఈ రోజుల్లో పెద్దవాళ్లు కానివాళ్లను ఎక్కడ వెతకాలి స్వామీ? వెతికేలోగా జూలై 15న ఆషాఢం. మధ్యలో నాలుగు ముహూర్తాలకు ధర లేస్తే, రాత్రికి రాత్రి బెంగళూరు పూల లారీలు దిగుతాయి.

అసలు నువ్వున్నావని ఎవరు ఏం మానేశారు? ఫ్లాట్లకు అడ్వాన్సులు ఇస్తున్నారు. నిశ్చితార్థం అనకుండా చిన్న విందు అని పేరు పెట్టి ఉంగరాలు మార్చుకుంటున్నారు. నిష్ఠ అంతా నా పూల దగ్గరే గుర్తొస్తుంది. ఆకు వెనక్కి తిప్పి చూడు, ఎర్రనల్లి పురుగు ఏ ముహూర్తమూ అడగకుండా పిల్లాపాపలతో వర్ధిల్లుతోంది. పాలీహౌస్ అప్పు మీద వడ్డీ ఒక్క పూటైనా ఆగిందా? 2015లో ఆషాఢానికి ముందు, వేసవి పెళ్లిళ్లన్నీ అయ్యాక, జూన్ సగం దాటి వచ్చావు. ఆ పాటి ఇంగితం ఈసారి ఏమైంది? ఎండలకు సెలవులకు జనం పెళ్లిళ్లు పెట్టుకునే నెల చూసి మరీ దిగాలా? నీ ముప్పై రోజులు నాకొద్దు, పట్టుకుపో!

క్షమించాలి. మా అమ్మ వింటే ఊరుకోదు. ఆమె తమరి పేరిట 33 అపూపాలు (తీపి అప్పాలు) వండి దానం ఇస్తోంది. పొద్దున పూజకు పూలు కావాలంటే బుట్టెడు జర్బరాలు తెచ్చి ముందు పెట్టాను. "ఇవెందుకురా" అని పక్కకు జరిపి, పక్క పొలం నుంచి బంతిపూలు కొనుక్కు రమ్మంది. తెచ్చాను. ఆయన రూపాయి కూడా తగ్గించలేదు.

ఇట్లు,
తమరు సెలవు పుచ్చుకునేదాకా రోజూ కోసి పారబోయవలసిన
జర్బరా రైతు