కాణిపాకంలో మైలేజీ ప్రమాణం

అలిపిరి దగ్గర కొత్త కారుకు పూజ జరుగుతుంటుంది. బానెట్ మీద చామంతి దండ, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు, పగలడానికి సిద్ధంగా ఒక బూడిద గుమ్మడికాయ. కారు వెల అరవై లక్షలు. వెనక సీటు పడకలా వాలుతుంది, ముందు సీటు వీపు పిసుకుతుంది. హారతి కర్పూరం ఆరకముందే చుట్టూ చేరినవాళ్లలో ఒకరు అడగనే అడుగుతారు: "ఎంతిస్తాదన్నా?"

ఇది పాడావు గురించి అడగాల్సిన ప్రశ్న. ఉమ్మడి చిత్తూరు జిల్లాకు పాడి అలవాటు కాబట్టి నోటికి అలా వచ్చేసి ఉంటుంది, తప్పు పట్టడానికి లేదు. కాకపోతే ఆవు ఇస్తుంది, కారు తాగుతుంది. యజమాని కళ్లు సగం మూసి, మంత్రం చెప్పినట్టు చెప్తాడు: "హైవేలో పద్దెనిమిది."

హైవేలో ఎవరు కాపురముంటారు నాయనా? ఆ కారు బతుకంతా తిరుపతి ఊళ్లో లీలామహల్ సర్కిల్‌కూ కపిలతీర్థానికీ మధ్య. ముందు ఆటో, వెనక టెంపో, లోపల ఏసీ ఫుల్లు. బండి కదలకుండా ఇంజన్ తిరుగుతున్నంతసేపూ మైలేజీ సున్నా. ఆ సున్నాలు పద్దెనిమిదిలో కలవవు.

సరే, ఈ పద్దెనిమిది సంగతి తేల్చడానికి మన ఉమ్మడి జిల్లాలో ఒకటే కోర్టు ఉంది. కాణిపాకం. కోనేట్లో మునిగి తడిబట్టలతో వరసిద్ధి వినాయకుడి ఎదుట ప్రమాణం. అబద్ధం ఆడితే ఏమవుతుందో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

మొదటి సాక్షి కంపెనీ మైలేజీ పత్రం. లామినేషన్ చేసినది కాబట్టి కోనేటి నీళ్లు అంటలేదు. "సామీ, నేను ఒక్క అంకె కూడా దాచలేదు. కారును గదిలో రోలర్ల మీద నిలబెట్టి పరిగెత్తించారు. పరీక్ష మొత్తం 1,180 సెకండ్లు, అంటే ఇరవై నిమిషాల లోపే. వేగం 90 దాటలేదు. సగటు తీస్తే ముప్పై చిల్లర. ఏసీ ఆపేశారు. గుంతలు లేవు, ఎదురుగాలి లేదు, ఆవులు అడ్డం రాలేదు. ఆ గదిలో నేను పద్దెనిమిది ఇచ్చాను. తిరుపతిలో ఇస్తానని ఎక్కడైనా రాసుంటే చూపించండి."

రాయలేదు. విఘ్నేశ్వరుడంతటివాడు కూడా పత్రాన్ని వదిలెయ్యాల్సి వచ్చింది.

రెండో సాక్షి డ్యాష్‌బోర్డు. పాపం, కొంచెం నిజాయితీ ఉన్నది. "నాకు పెట్రోలు కంటికి కనబడదు సామీ. ఇంజన్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు ఎంతసేపు తెరుచుకున్నాయో, చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి ఒక అంకె వేస్తాను. టైరు అరిగితే చుట్టుకొలత తగ్గుతుంది, అదే దూరానికి చక్రం ఎక్కువ చుట్లు తిరుగుతుంది. నేను ఎక్కువ దూరం పోయామనుకుని మైలేజీ పెంచి చూపిస్తాను. ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. కొండ దిగేటప్పుడు గేరులో ఉండగా యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే ఇంజెక్టర్లు మూతబడతాయి. అప్పుడు నా మీద 99.9 పడుతుంది. మా సారు దాన్ని ఫోటో తీసి వాట్సాప్ స్టేటస్ పెట్టుకున్నాడు. ఎక్కేటప్పటి ఫోటో ఏదని ఆయన్ని ఇంతవరకూ ఎవరూ అడగలేదు."

మనం అడుగుదాం. తిరుపతికీ తిరుమలకూ ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. మనుషులతో కలిపి రెండు టన్నులు తూగే బండిని అంత ఎత్తుకు లేపడానికే దాదాపు 14 మెగాజౌల్స్ శక్తి కావాలి. లీటరు పెట్రోలులో ఉండేది 32. దాంట్లో ఇంజన్ నుంచి చక్రం దాకా చేరేది పావు వంతు పైచిలుకు, మిగతాదంతా వేడి. అంటే 18 కిలోమీటర్ల ఘాట్‌లో ఒక్క ఎత్తుకే లీటరున్నర ఖర్చు, దొర్లడానికీ ఏసీకీ అయ్యేది వేరే. పైగా ఇప్పుడు పోయించుకునేది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ లీటరుకు శక్తి మూడో వంతు తక్కువ. స్వామి దర్శనానికి ఇన్ని అడ్డంకులున్నప్పుడు పద్దెనిమిదికి ఉండవా?

మూడో సాక్షి సారు. కోనేటి మొదటి మెట్టు దాకా వచ్చాడు. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది.

ఆయన ఇక రాడు గానీ, ప్రమాణం అక్కర్లేని పద్ధతి ఒకటుంది. నాజిల్ మొదటిసారి టక్కుమని ఆగేదాకా ట్యాంకు నింపండి. ట్రిప్ మీటర్ సున్నా చేయండి. కనీసం మూడు నాలుగు వందల కిలోమీటర్లు తిరిగాక అదే బంకులో, అదే పంపు దగ్గర, మళ్లీ మొదటి టక్కు దాకా నింపండి. తిరిగిన కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగించండి. ఇలా మూడుసార్లు చేసి సగటు తీయండి. టైర్లలో గాలి మాత్రం, టైర్లు చల్లగా ఉన్నప్పుడు, డోరు పక్కన స్టిక్కరు మీద ఉన్న అంకెకు సరిచూడాలి. టక్కుమన్నాక "ఇంకో రెండొందలకు కొట్టన్నా" అనకండి. ఆ ఎక్కువైన పెట్రోలు, ఆవిరిని పట్టుకోవడానికి పెట్టిన బొగ్గు డబ్బాలోకి పోయి దాన్ని నాశనం చేస్తుంది. లెక్కా చెడుతుంది, డబ్బాకూ డబ్బు వదులుతుంది.

పూజ జరిగి కొన్నేళ్లయ్యాక ఒకరోజు ఆ కారు గ్లవ్ బాక్సులోంచి ఒక కవరు జారిపడుతుంది. విప్పని కవరు. రీకాల్ నోటీసు, అంటే లోపమున్న బండిని బాగుచేయడానికి కంపెనీ వెనక్కి పిలిచే కాగితం.

భాష చూడండి, ఎంత మర్యాదో: "ముందు జాగ్రత్త చర్యగా, స్వచ్ఛందంగా, మీ వాహనాన్ని పరిశీలించదలిచాము." పెళ్లికి పిలిచినట్టుంటుంది. లోపల విషయం ఏమిటంటే, స్టీరింగ్ మధ్యలో ఉన్న ఎయిర్‌బ్యాగ్ డబ్బా పేలి ఇనుప ముక్కలు గొంతులో దిగబడొచ్చు.

టకాటా అనే జపాన్ కంపెనీ ఎయిర్‌బ్యాగ్ ఇన్‌ఫ్లేటర్లలో, అంటే సంచిని ఊదే డబ్బాల్లో, అమ్మోనియం నైట్రేట్ బిళ్లలు పెట్టింది, వాటిలో చాలావాటికి తేమ పీల్చే మందు లేకుండా. ఏళ్ల తరబడి వేడీ తేమా మార్చిమార్చి తగిలితే బిళ్ల గుల్లబారి, కాలాల్సిన దానికంటే వేగంగా కాలుతుంది, డబ్బా పగిలిపోతుంది. పరీక్షల వివరాలు మార్చి చూపించామని ఆ కంపెనీ 2017లో అమెరికా కోర్టులో నేరం ఒప్పుకుంది, అదే ఏడు దివాలా తీసింది. హోండా, టొయోటా, బీఎండబ్ల్యూ, చిన్నా పెద్దా తేడా లేకుండా చాలా కంపెనీల కార్లలో ఆ డబ్బాలున్నాయి. 2023 మేలో బీఎండబ్ల్యూ అమెరికాలో సుమారు 90,000 పాత కార్ల యజమానులకు, బాగుచేయించేదాకా అసలు నడపొద్దని చెప్పాల్సి వచ్చింది.

వేడీ తేమా. మేలో కత్తెర ఎండ, నవంబరులో ఈశాన్య రుతుపవనాల ముసురు. తిరుపతి వాతావరణం వేరే చెప్పాలా?

మన చట్టం ఇంకా ముద్దొస్తుంది. 2019లో మోటారు వాహనాల చట్టానికి 110ఎ సెక్షన్ చేర్చి, 2021 ఏప్రిల్ నుంచి తప్పనిసరి రీకాల్ నిబంధనలు అమలు చేశారు. ఏడేళ్ల లోపు బండ్లకే. బిళ్ల చెడటానికి ఏళ్లు పడుతుంది. అది లేచే వేళకు చట్టం పడుకుంటుంది. ఆపైన కంపెనీ దయ. ఆ కంపెనీ పంపే కవరు మొదటి యజమాని పాత అడ్రసుకు పోతుంది. కారు చేతులు మారి చిత్తూరులోనో పలమనేరులోనో తిరుగుతుంటుంది.

ఇక్కడ నవ్వు రావడం లేదు, క్షమించాలి. అరవై లక్షల కారులో సారు కూర్చునేది వెనక, ఎడమవైపు. ఆ డబ్బాకు మూరెడు దూరంలో గుండె పెట్టుకుని కూర్చునేది జీతానికి వచ్చిన డ్రైవరు. నోటీసు సారు పేరున వస్తుంది, ఇనుప ముక్క డ్రైవరు పేరున వస్తుంది. సర్వీసుకు పూట పడుతుందని, ఆ పూట కారు లేకపోతే పెళ్లికి ఆటోలో పోవాల్సి వస్తుందని కవరు గ్లవ్ బాక్సులో పడేసిన మనిషిని ఏమనాలి? ఒక కిలోమీటరు మైలేజీ తగ్గితే షోరూమ్ మీదికి దండయాత్రకు పోయే ఈ పెద్దమనిషికి, పైసా ఖర్చులేని పనికి తీరిక దొరకదు. నిమ్మకాయలు తొక్కించారు కదా, చాలట! సిగ్గుండాలి.

చేయాల్సింది ఇంతే. ఆర్సీలో పదిహేడు అక్షరాల చాసిస్ నంబరుంటుంది. చాలా కార్లలో ముందు అద్దం కింది మూలలో బయటినుంచి కూడా చదవొచ్చు. అందులో గుండ్రంగా కనబడేదంతా సున్నానే, ఇంగ్లిష్ 'ఓ' అక్షరం వాడరు. దాన్ని కంపెనీ వెబ్‌సైట్ రీకాల్ పేజీలో కొట్టి చూడాలి. సర్వీస్ సెంటర్‌లో "పెండింగ్ రీకాల్ ఉందా" అని నోటితో అడిగి ఊరుకోకుండా, పని అయ్యాక జాబ్ కార్డులో రాయించుకోవాలి. ఒక్క ఎయిర్‌బ్యాగే కాదు: 2024 సెప్టెంబరులో బీఎండబ్ల్యూ బ్రేకు యూనిట్‌లో లోపం అంటూ ప్రపంచవ్యాప్తంగా 15 లక్షల కార్ల లెక్క చెప్పింది. ఘాట్ దిగేవాడికి బ్రేకు సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

నంబరు కొట్టి చూడటానికి రెండు నిమిషాలు. డ్రైవరు అద్దం దగ్గర వంగి ఒక్కో అక్షరం చదువుతున్నాడు. సారుకు మాత్రం వినబడటం లేదు. బంకు కుర్రాడితో గట్టిగా మాట్లాడుతున్నాడు. నాజిల్ టక్కుమంది, ఇంకో రెండొందలకు కొట్టమంటున్నాడు.