రంగు మందు ఒక్కటే కాదు, రెండు

కంటి రక్తనాళాలను ఫొటో తీసే యాంజియోగ్రఫీ గురించి మీరు వేసిన వ్యాసం చదివాను. కంటి యాంజియోగ్రఫీ అంటే ఫ్లోరెసిన్ అనే రంగు మందుతో చేసే పరీక్ష ఒక్కటే అన్నట్టు రాశారు అందులో. ఇండోసయనిన్ గ్రీన్ అనే రెండో రంగు మందు సంగతి కూడా చెప్పాల్సింది. ఫ్లోరెసిన్ చేతి నరంలోకి ఎక్కించాక పది పదిహేను సెకన్లలో కంటి వెనక భాగంలోని రెటీనా పొరకు చేరుతుంది, నీలి కాంతి పడితే పచ్చగా మెరుస్తుంది. షుగర్ వల్ల పుట్టే కొత్త రక్తనాళాలు గట్టివి కావు. వాటిలోంచి మందు కారి, ఫొటోలో ఆ చోట తెల్లటి మబ్బులా పరుచుకుంటుంది. కానీ రెటీనా వెనక కోరాయిడ్ పొరలోని నాళాలు దీనికి సరిగ్గా దొరకవు. ఇండోసయనిన్ గ్రీన్ రక్తంలోని ప్రొటీన్లను పట్టుకుని ఉంటుంది, అంత తేలిగ్గా కారదు. పైగా దాన్ని చూసేది పరారుణ కాంతిలో కాబట్టి వెనకున్న కోరాయిడ్ కూడా కనిపిస్తుంది. ఆసియా వాళ్లలో ఎక్కువగా వచ్చే పాలిపాయిడల్ అనే కోరాయిడ్ జబ్బులో నాళాల చివర బుడిపెలను పట్టుకోవడానికి ఇదే మేలు.

మా అమ్మకు ఫ్లోరెసిన్ చేసిన రోజు, మూత్రం నారింజ రంగులో వస్తుందని ఆస్పత్రిలో ఒక్కరూ చెప్పలేదు. ఒళ్లు కూడా పసుపు రాసుకున్నట్టయింది. ఆ రాత్రి ఎంత టెన్షన్ పడ్డామో! మర్నాటికి అన్నీ మామూలే.

అన్నట్టు, 1961లో ఈ ఫ్లోరెసిన్ పద్ధతిని ప్రచురించిన నొవోట్నీ, ఆల్విస్ అప్పటికి అమెరికాలోని ఇండియానాలో వైద్య విద్యార్థులు. మొదట మందు ఎక్కించుకున్నది ఆల్విసే.

వ్యాసం చివర, రంగు మందు లేకుండా కాంతితోనే స్కాన్ చేసే ఓసీటీ యాంజియోగ్రఫీ వచ్చాక ఇక సూది అక్కర్లేదన్నారు. అది నాళాల ఆకారం చూపిస్తుంది, నిజమే. నాళాలు కారడాన్ని మాత్రం చూపించదు.