వరస ఎవరి చేతిలో ఉండాలి?

క్లోజర్‌స్క్రిప్ట్ భాషలో, రీఏజెంట్‌తో రాసిన పనుల బోర్డు. రీఏజెంట్ కింద నడిచేది రియాక్ట్, తెర మీద పేజీని గీసే లైబ్రరీ. కార్డుల్ని లాగి వరస మార్చుకునే వీలు పెట్టాలి. ఆఫీసులో ఇద్దరి వాదన ఇది.

తమ్ముడు: అక్కా, లాగి వరస మార్చే లైబ్రరీ సార్టబుల్‌జేఎస్ తెచ్చి తగిలిస్తే సాయంత్రానికి అయిపోతుంది. మళ్ళీ మొదటి నుంచి మనం రాయడం ఎందుకు?

అక్క: అది డామ్‌లో, అంటే బ్రౌజర్ దగ్గరుండే పేజీ చెట్టులో, ఉన్న కార్డు నోడ్‌నే పీకి వేరే చోట పెడుతుంది. రియాక్ట్‌కి ఆ సంగతి తెలియదు. నిన్న నువ్వు 'చేయాల్సినవి' నుంచి 'అయినవి'లోకి కార్డు లాగగానే కన్సోల్‌లో రిమూవ్‌చైల్డ్ ఎర్రర్ వచ్చింది కదా? రియాక్ట్ పాత లిస్టులోంచి తీయబోయింది, కార్డేమో అక్కడ లేదు.

తమ్ముడు: దానికి మందుంది. లాగడం అయ్యాక సార్టబుల్ పిలిచే ఆన్‌ఎండ్‌లో నోడ్‌ని ముందు పాత చోటే పెట్టేసి, తర్వాత మన డేటా ఉన్న ఆటమ్‌ని స్వాప్‌తో మారిస్తే సరి.

అక్క: సార్టబుల్ జరపడం, మనం వెనక్కి తేవడం, రియాక్ట్ మళ్ళీ జరపడం! మన వరస అంటే కార్డుల ఐడీల వెక్టర్, అంటే ఒక జాబితా, అంతే. లాగిన ఐడీని తీసెయ్, మిగిలినదాన్ని సబ్‌వెక్‌తో రెండు ముక్కలు చెయ్, మధ్యలో ఐడీ పెట్టి ఇంటూతో కలుపు. పాత వెక్టర్ చెక్కుచెదరదు, దాన్ని దాచుకుంటే అన్‌డూ కూడా వచ్చేసినట్టే. రియాక్ట్ కార్డుని గుర్తుపట్టే కీ మాత్రం ఐడీయే ఇవ్వు. ఇండెక్స్, అంటే వరసలో దాని సంఖ్య, ఇచ్చావో, ఒక కార్డులో టైప్ చేస్తున్న మాట పక్క కార్డులో తేలుతుంది.

తమ్ముడు: వెక్టర్ సంగతి ఒప్పుకుంటా. మరి ఫోన్లో? వేలి కదలికని చెప్పే పాయింటర్‌మూవ్‌తో రాసి చూశా. కార్డు కదిలీ కదలకముందే పేజీ స్క్రోల్ అయింది, పాయింటర్‌క్యాన్సిల్ వచ్చి లాగడం ఆగిపోయింది.

అక్క: కార్డుని పట్టుకునే ఆరు చుక్కల గుర్తుకి సీఎస్ఎస్‌లో టచ్-యాక్షన్ నన్ పెట్టు, అక్కడ వేలు కదిపితే పేజీ స్క్రోల్ అవదు. కార్డంతటికీ పెట్టకు, స్క్రోల్ చేయడానికి వేలు పెట్టే చోటుండదు.

తమ్ముడు: అంచుకి చేరినప్పుడు లిస్టు దానంతటది జరగాలి. అదీ రాస్తావా? లైబ్రరీలో ఊరికే వస్తోంది.

అక్క: అది నిజంగా కష్టమే, అక్కడ నీదే పైచేయి. కానీ చేయి వణికేవాళ్ళు అసలు లాగలేరు కదా! లాగకుండా ఉత్త నొక్కుళ్ళతో ఆ పని జరిగే దారి ఉండాలని వెబ్ అందరికీ అందుబాటులో ఉండేందుకు 2023లో వచ్చిన మార్గదర్శకాలు, డబ్ల్యూసీఏజీ 2.2, చెబుతున్నాయి. ప్రతి కార్డుకీ 'పైకి', 'కిందికి' బటన్లు పెడదాం. అవి పిలిచేదీ ఆ వెక్టర్ ఫంక్షన్‌నే.

తమ్ముడు: అయితే ఆ ఫంక్షనూ బటన్లూ ముందు రాసేస్తా. లాగడానికి మాత్రం సార్టబుల్ ఉండనీ, నోడ్‌ని వెనక్కి పెట్టే కోడ్‌తో సహా.

అక్క: రెండు లిస్టుల మధ్య లాగి, కన్సోల్ తెరిచి చూపించు. అప్పటిదాకా నీ కోడ్‌ని అసలు కోడ్‌లో మెర్జ్ చేయను.