అన్‌కంఫర్టబుల్ చప్పట్లు

రాత్రి పదింటికి మా ఇంట్లోంచి చప్పట్లు వినిపిస్తే భజన అనుకునేరు. మూడో తరగతి ఇంగ్లిష్ హోంవర్క్. ఒక మాటలో ఎన్ని సిలబుల్స్, అంటే ఒక్కో ఊపులో పలికే ముక్కలు, ఉన్నాయో చప్పట్లు కొట్టి లెక్కపెట్టుకు రమ్మన్నారు. మాట: అన్‌కంఫర్టబుల్.

అమ్మాయి ఐదు కొట్టింది. అన్-కం-ఫర్-ట-బుల్. ఎందుకైనా మంచిదని ఫోన్లో డిక్షనరీ నొక్కాను. అందులో దొర 'అన్‌కంఫ్టబుల్' అని 'ఫర్'ని మింగేసి నాలుగుతో సరిపెట్టాడు. మళ్లీ నొక్కాను, మళ్లీ మింగాడు. పడుకోబోతున్న మా అమ్మ లేచొచ్చి, "వాడు అన్నం తిన్నాడో లేదో, అక్షరాలు తింటున్నాడు" అంది. మా ఆవిడ మాత్రం ఐదేనని పట్టుబట్టింది: అన్-కం-ఫర్-టే-బుల్. కంఫర్టు మధ్యలో టేబులెవరు వేశారని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

రెండో ప్రశ్న, స్ట్రెస్ ఎక్కడ? 'కం' మీద. ఒత్తి పలకాలమ్మా అన్నాను. "క కింద క వత్తా నాన్నా?" అంది. స్ట్రెస్ అప్పటికి నాకు మారింది.

మూడోది, మాటని ముక్కలు చేయండి. 'అన్' పాత ఇంగ్లిష్‌ది. 'కంఫర్ట్' లాటిన్‌లో పుట్టి ఫ్రెంచి మీదుగా వచ్చింది, దాని కడుపులో ఉన్న 'ఫోర్టిస్' అంటే బలమైనది అని. 'ఏబుల్' కూడా ఆ దారినే వచ్చిన సరుకు. ఇక్కడ నాకు హుషారొచ్చింది. ఈ 'అన్' మన దగ్గరా ఉందమ్మా, అన్ ప్లస్ అవసరం, అనవసరం; సంస్కృతం నుంచి మనకొచ్చిన అన్, వాళ్ల అన్ ఒకే తాత మనవలు అన్నాను. పిల్ల కళ్లు ఇంతింతయ్యాయి. నోట్‌బుక్‌లో పక్కనే రాసుకుంది.

మర్నాడు ఐదుకి రైటు పడింది. దొర తప్పన్నమాట. 'అనవసరం' మీద మాత్రం ఎర్ర గీత: నో తెలుగు.

గురువులూ లఘువులూ గుర్తించి, గణాలు కట్టి, మాటని మాత్రల్లో తూచిన భాషండీ మనది! సిలబుల్ అంటే ఏమిటో ఆ పిల్లకి క్షణంలో చెప్పగలిగే భాష. దాన్నే గుమ్మం బయట నిలబెడతారా? 2009లో కడప జిల్లా మైదుకూరులో ఓ స్కూల్లో తెలుగు మాట్లాడారని పిల్లల మెడలో పలకలు వేలాడదీశారు. అప్పుడు అందరం ఛీ అన్నాం. ఇప్పుడు పలక పోయి ఎర్ర పెన్ను వచ్చింది, ఫీజు మాత్రం టర్ముకోసారి ఠంచనుగా కడుతున్నాం. నేనూ కడుతున్నాను, సిగ్గులేకుండా.

ఆ రాత్రి అమ్మాయి అడిగింది, "నాన్నా, అనవసరానికి ఎన్ని?"

ఇద్దరం కొట్టాం. అ-న-వ-స-రం. ఐదు. ఒక్కటీ ఎవరూ మింగలేదు.