అక్రాకు టైమ్‌టేబుల్ లేదట!

ఘనా రాజధాని అక్రాలో నాలుగు రోజులుండి వచ్చిన యాత్రికుడు ఇల్లు చేరగానే ఇచ్చే తీర్పు ఒకటే: "అక్కడ పద్ధతీ పాడూ లేదండీ." వీడియోకి పెట్టే పేరు మాత్రం 'ఆఫ్రికా వీధుల్లో'. యాభైకి పైగా దేశాలకు ఒకే తీర్పు సరిపోతుంటే ఊరికొకటి రాయడం దండగ కాబట్టి ఆ పొదుపును మెచ్చుకుంటూ, సాక్ష్యాలను ఏలినవారి ముందుంచుతున్నాము.

మొదటి ముద్దాయి ట్రోట్రో, అంటే వ్యాను. వీటిలో చాలావాటికి ఐరోపాలో ఒక జన్మ అయిపోయి ఉంటుంది. కొన్నిటి ఒంటిమీద పాత జర్మన్ రాతలు ఇంకా చెరగలేదు. బోర్డు లేదు, నంబరు లేదు. స్టేషన్లో నిండితే కదులుతుంది, నిండకపోతే లేదు. మన షేర్ ఆటో అన్న "ఇంకొక్కరు, ఇంకొక్కరు" అంటూ అరగంట ఆపుతాడు గానీ, అది వేరు. దాన్ని సర్దుకుపోవడం అంటారు.

తలుపు దగ్గర వేలాడే కుర్రాడు 'మేట్'. "సర్క్ సర్క్ సర్క్" అని అరుస్తూ చూపుడువేలు కిందికి పెట్టి గుండ్రంగా తిప్పాడంటే బండి క్వామే ఎన్‌క్రుమా సర్కిల్‌కి పోతోందని అర్థం. ఆ గుండ్రటి కూడలి 2016 నాటికే ఫ్లైఓవర్ల కింద కలిసిపోయింది, వేలు మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది. ఫోను మ్యాపులో ఆ వేలు కనిపించదు. అందుచేత బండికి బోర్డు లేదని రుజువైంది.

లోపల నడవలో మడత సీట్లు. వెనక మూలనున్నవారు దిగాలంటే, దారిలో ఉన్నవాళ్లు ముందు కిందికి దిగి, సీట్లు మడిచి, మళ్లీ ఎక్కాలి. కిటికీ పక్క మూల సీటుకు ఎగబడిన యాత్రికుడికి ఈ లెక్క దిగేటప్పుడు తెలుస్తుంది. కాస్త ముందుగానే "మేట్, బస్ స్టాప్" అనాలి. స్టాపు దాటాక అరిస్తే తర్వాతి స్టాపే గతి. డబ్బులు వరుసవారీగా చేతులు మారి ముందుకొస్తాయి. పొద్దున్నే వంద సెడీల (సెడీ అంటే అక్కడి రూపాయి) నోటు తీశారో, మేట్ మీదీ పక్కవారిదీ చిల్లర కలిపి ఒకే నోటుగా ఇచ్చి పంచుకోమంటాడు. ఇక ఎడమ చేత్తో ఇవ్వడం తప్పు. ఇదే మాట మన అమ్మమ్మ చెబితే సంస్కారం, అక్రాలో చెబితే మూఢాచారం.

రెండో ముద్దాయి వాచే. అన్నం, అలసందలు కలిపి ఎండు జొన్న ఆకులతో ఉడికిస్తారు. ఆ ముదురెరుపు రంగు ఆకులదే, మసాలాది కాదు. దీన్ని 'ఒక ప్లేటు' అని అడిగినవాడికి అమ్మే ఆవిడ దగ్గర జవాబు ఉండదు. ఇన్ని సెడీలకు వాచే అనాలి, తర్వాత స్పగెట్టీ, గారీ (అంటే కర్రపెండలం రవ్వ), గుడ్డు, వెలే ఒక్కొక్కటీ చెప్పుకోవాలి. వెలే అంటే ఆవు తోలు. తెలియకుండా తలూపి తర్వాత వీడియోలో మొహం వికారంగా పెట్టేవాళ్లున్నారు. చివర్లో షిటో, అంటే ఎండు రొయ్యలూ ఎండు చేపలూ మిరపా నూనెలో నల్లగా వేయించిన కారం. గోదావరి జిల్లాలవారు దీన్ని రెండోసారి అడగకుండా ఉంటే ఆశ్చర్యమే.

నీళ్ల పాకెట్టు గురించి క్లుప్తంగా. అర లీటరు. మూల కొంచెమే కొరకాలి. పెద్దగా కొరికి గట్టిగా పిండితే నీళ్లు చొక్కా తాగుతుంది. తెరిచాక కింద పెట్టే వీలు లేదు.

చివరి అభియోగం ఘోరమైనది. చిల్లర తెస్తానన్న మనిషి "ఐయామ్ కమింగ్" అంటూ వెనుదిరిగి అవతలికి వెళ్లిపోతాడు! వస్తున్నానని వెళ్లిపోవడమా? ఇంతకన్నా అబద్ధం ఉంటుందా అని యాత్రికుడు డైరీలో రాసుకున్నాడు. ఆ డైరీ సంచిలో పెట్టుకుని బయల్దేరిన రోజున, శంషాబాద్‌లో అమ్మకు చెయ్యూపుతూ ఆయన అన్న మాట: "వస్తానమ్మా."