మూతి విప్పని తూటా

పాత వేట తుపాకి తూటాల పిచ్చి ఉన్నవాణ్ని పట్టుకోవడం తేలిక. పేలిన తూటా ఖాళీ డొప్ప ఒకటి చేతిలో పెట్టి చూడండి. మామూలు మనిషి అటూ ఇటూ తిప్పి చూస్తాడు. వీడు మాత్రం ముందు ముక్కు దగ్గర పెట్టుకుంటాడు. మైనం పట్టించిన కాగితపు గొట్టంలో మందు కాలాక మిగిలే వాసన ఒకటుంది. ఏళ్లు గడిచినా లీలగా అంటుకునే ఉంటుంది. ప్లాస్టిక్ డొప్పలకి ఆ భాగ్యం లేదు. ఓ రోజు నేను కళ్లు మూసుకుని ఆ ధ్యానంలో ఉండగా మా ఆవిడ చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏమండీ, ఇది ఎన్నాళ్ల నుంచి?"

తూటాలు పోగుచెయ్యడం గురించి అడుగుతోందనుకుని "ఆరేళ్లయింది" అన్నాను గర్వంగా. ఆ సాయంత్రం మా మామగారు ఫోన్ చేసి, నా ఆరోగ్యం గురించి చాలా మెత్తగా అడిగారు.

ఈ లోకంలో లెక్కలన్నీ తలకిందులు. 12 బోరు పెద్దది, 20 బోరు చిన్నది. ఒక పౌండు సీసం లోహాన్ని సమానంగా 12 గుండ్లు చేస్తే ఒక్కో గుండు పట్టేంత గొట్టం 12 బోరు. అదే సీసాన్ని 20 గుండ్లు చేస్తే గుండూ సన్నబడుతుంది, గొట్టమూ సన్నబడుతుంది. తూటా లోపల పోసే చిన్న చిన్న సీసపు గుళ్ల నంబర్లూ అంతే, అంకె పెరిగేకొద్దీ గుళ్లు చిన్నవి. సరే, సూత్రం పట్టుబడింది కదా అనుకునేలోపు .410 అని ఒకటి ఎదురొస్తుంది. అది గుండ్ల లెక్క కాదు, అంగుళాల కొలత. ఇదంతా మా ఆవిడకి అరగంట విడమరిచి చెప్పాను. అంతా విని, "మరి అట్టపెట్టెలు ఎందుకు దాచారు?" అంది.

అసలు సిసలు పిచ్చివాళ్లు తూటాల కంటే వాటి పెట్టెల కోసమే కొట్టుకుంటారు. మూత విడిగా, అడుగు విడిగా ఉండే పాత అట్టపెట్టె, దాని మీద బొమ్మ చెరగకుండా దొరికితే పండగే. ఇది నేను చెప్పేలోపే ఆవిడ ఇల్లు సర్దేసింది. తూటాలన్నీ శుభ్రంగా తుడిచి ఒక ప్లాస్టిక్ డబ్బాలో పోసి, ఆ "చిరుగు అట్టల్ని" పారేసింది. ఆ సంగతి ఇంకోసారి చెబుతాను. ఇప్పుడు నా వల్ల కాదు.

నన్ను ముంచింది మాత్రం వాసన కాదు, అట్టలూ కాదు. చదువు. తూటా అడుగున ఇత్తడి మీద అచ్చు వేసిన అక్షరాలుంటాయి. భూతద్దం పెట్టి అవి చదవడం నేర్చుకున్నాక నేను మనుషుల్లో కలవలేని వాణ్నయిపోయాను. తూటాలు పోగుచేస్తున్నానని తెలిసి చుట్టాలంతా అటకలు దులిపి తలా ఒకటి తెచ్చిచ్చారు. ఒట్టి తూటా ఎవరూ తేలేదు. ప్రతిదానికీ ఒక వేట కథ అంటించి తెచ్చారు. నేను కథ వినకుండా అడుగు చదివాను.

"మా తాతగారు 1905లో చిరుతని కొట్టిన తూటా ఇది" అన్నాడు బాబాయి. అడుగున రెమ్-యూఎంసీ అని ఉంది. అంటే రెమింగ్టన్, యూనియన్ మెటాలిక్ కార్ట్రిడ్జ్. ఆ రెండు కంపెనీలూ ఒకటైంది 1912లో. "అయితే బాబాయ్, చిరుత ఏడేళ్లు ఆగిందా?" అన్నాను. బాబాయి ఇప్పటికీ నాతో మా ఆవిడ ద్వారానే మాట్లాడతాడు.

పెదనాన్న ఎర్రటి డొప్ప ఒకటి తెచ్చి, 1948లో ఒకే దెబ్బకి ఆరు బాతుల్ని పడగొట్టానన్నాడు. అది ప్లాస్టిక్ డొప్ప. రెమింగ్టన్ వాళ్లు ప్లాస్టిక్ తూటాలు బయటికి తెచ్చింది 1960లో. ఈ ముక్క నేను నోరు మూసుకుని మనసులో దాచుకుని ఉండొచ్చు. దాచుకోలేదు.

ఇక మా తాతయ్య.

మా ఇంట్లో తాతయ్య తూటా అంటే తూటా కాదు, ఆస్తి. ఓ గాజు సీసాలో, దూది పరుపు మీద పడుకుని ఉంటుంది. ఏటా అందరం చేరినప్పుడు సీసా దిగుతుంది, కథ మొదలవుతుంది. చిట్టడవి, మసక వెలుతురు, ఎదురుగా అడవిపంది. నా చిన్నప్పుడు ఆ పంది మేకంత ఉండేది. నేను హైస్కూలుకొచ్చేసరికి దూడంత అయింది. మా అబ్బాయి వినేనాటికి దున్నపోతంత. "ఒక్కటే దెబ్బ! నుదుటి నడిమధ్య! ఇదిగో, ఆ తూటా ఇదే" అని తాతయ్య అనగానే అందరం రెండు చేతులా అందుకుని చూసి, పక్కవాళ్లకి ఇచ్చేవాళ్లం. ఇన్నేళ్లలో ఎంతమంది చేతులు మారిందో. ఒక్కరూ దాన్ని నిజంగా చూడలేదు.

ఈసారి నా చేతికొచ్చింది. నా జేబులో భూతద్దం ఉంది. పక్కన మా అబ్బాయి ఉన్నాడు. వాడికి నాలుగు ముక్కలు నేర్పుదామన్న పాడు బుద్ధి నాలో ఉంది.

"చూడు నాన్నా, కాల్చిన తూటాకి గుర్తులుంటాయి. ఒకటి, మడిచిన మూతి విచ్చుకుంటుంది." చూశాను. మూతి చక్కగా మడిచే ఉంది, పైన అట్టబిళ్లతో సహా. "రెండోది, అడుగున మందు అంటించే క్యాపు మీద సొట్ట పడుతుంది." తిప్పాను. క్యాపు నున్నగా మెరుస్తోంది. నా గొంతు నాకు తెలియకుండానే తగ్గింది. "మూడోది... ఊపితే చప్పుడు రాదు." చెయ్యి దానంతటదే ఊపింది.

గలగలమంది.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ అట్టబిళ్ల మీద అంకె కనబడితే చదవకుండా ఉండటం నా జబ్బుకి పడదు. "ఎనిమిదో నంబరు! తాతయ్యా, ఇవి పూరేడు పిట్టల గుళ్లు కదా? రెండున్నర మిల్లీమీటర్లు కూడా ఉండవు. ఔన్సుకి 400కి పైనే పడతాయి. వీటితో పందిని కొడితే దానికి చక్కిలిగింతలు పెట్టినట్టు..."

గదిలో ఎవరూ ఊపిరి తీసుకోలేదు. పెదనాన్న, బాబాయి మాత్రం కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు. వాళ్ల మొహాలు అంతలా వెలగడం నేనెప్పుడూ చూడలేదు.

"పెద్దతాత పందిని కొట్టలేదా నాన్నా?" అన్నాడు మా అబ్బాయి, గది మొత్తానికీ వినపడేలా.

"ఇది దాని జోడీరా" అన్నాడు తాతయ్య. "కాల్చింది అడవిలోనే పడిపోయింది. నేను చెప్పేటప్పుడు మీరే సరిగ్గా వినలేదు."

నేను ఊరుకోవాల్సింది. "మరి ఈ గీత ఏంటి తాతయ్యా?" అన్నాను. కాగితం గొట్టం సగం దాకా గీరుకుపోయి ఉంది. అక్కడితో ఆగిపోయింది. ఇత్తడి దాకా రాలేదు.

తాతయ్య నా వంక చాలాసేపు చూశాడు. తర్వాత తూటా వంక చూశాడు. ఆ తర్వాత వచ్చిన కథలో పంది మళ్లీ మేకంతే ఉంది.

ఆ రోజు ఆయన వెళ్లింది పూరేళ్ల కోసమే. పొద్దుట్నుంచీ వాన. రెండు గొట్టాలూ పూరేళ్ల మీదే పేల్చాడు, పూరేళ్లు క్షేమం. జేబులో మిగిలిన ఒక్క తూటా తీసి, తుపాకిని నడుం దగ్గర మడిచి గొట్టంలో పెట్టబోతుంటే పొద లోంచి పంది బయటికొచ్చింది. కాగితపు తూటాకి తడి తగిలితే ఉబ్బుతుంది. మైనం ఎంత పట్టించినా జేబులో నీళ్లు నిలిస్తే ఏం లాభం? సగం దూరింది, ఇరుక్కుంది. ముందుకి పోదు, వెనక్కి రాదు. తూటా అంచు బయటికుంటే తుపాకి మూసుకోదు. మూసుకోని తుపాకితో చేయగలిగిన పని ఒక్కటే. తాతయ్య అదే చేశాడు. చెట్టెక్కాడు.

"పంది ఎంతసేపు ఉంది?" అని బాబాయి ఎంతో వినయంగా అడిగాడు.

"అది అప్పుడే పోయింది. నాకే దిగడం రాలేదు."

ఇన్నేళ్లుగా ఆ కథ నడుస్తున్నప్పుడల్లా ఏదో పనున్నట్టు లోపలికి వెళ్లిపోయే నానమ్మ, ఈసారి గుమ్మం దగ్గరే నిలబడి ఉంది.

"మరి ఎలా దిగావు తాతయ్యా?" అన్నాను.

"చీకట్లో అంత దూరం నిచ్చెన ఎవరు మోసుకెళ్లారనుకున్నావురా?" అంది నానమ్మ. "పందా?"

మర్నాడు ఆ తూటాని తుపాకులు బాగుచేసే ఆయన దగ్గరికి తీసుకెళ్లి మందూ గుళ్లూ తీయించాను. అన్నేళ్లూ నిండు తూటాని పిల్లల చేతుల్లో తిప్పామని తెలిసి ఆయన నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. ఇప్పుడది నా అద్దాల పెట్టెలో నడిమి అరలో ఉంది. కింద చీటీ మీద "12 బోరు, కాగితపు గొట్టం, 8వ నంబరు, పేలనిది" అని రాసిపెట్టాను.

తాతయ్య వచ్చి చూశాడు. నా పెన్ను అడిగి తీసుకుని, "పేలనిది" కొట్టేసి, "పేల్చనిది" అని దిద్దాడు.