కేతిగాడు ఏమయ్యాడు?

శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరం దగ్గర నిమ్మలకుంట అని ఒక ఊరుంది. అక్కడ తోలుబొమ్మలు చేస్తారు. మేక తోలును నానబెట్టి, బొచ్చు తీసి, ఎండలో లాగి ఆరబెడతారు. ఇవతలి వెలుతురు అవతలికి కనిపించేంత పల్చనయ్యాక దాని మీద బొమ్మ గీస్తారు. నగలు ఉండాల్సిన చోట ఉలితో సన్నటి చిల్లులు కొడతారు, రెండు వైపులా రంగులు దిద్దుతారు, భుజం దగ్గరా మోచేతి దగ్గరా దారంతో ముడి వేసి ఆడేట్టు చేస్తారు. తెర చాటున బొమ్మలాడించే వాళ్లను 13వ శతాబ్దంలోనే పాల్కురికి సోమనాథుడు తన కావ్యంలో ప్రస్తావించాడు. అంత పాతది ఈ పని.

మారిందల్లా ఆ తోలు చివరికి చేరే చోటు. ఇప్పుడు అక్కడ ఎక్కువగా తయారవుతున్నవి లాంప్‌షేడ్లు, గోడకు తగిలించుకునే బొమ్మలు. హస్తకళల మేళాలో కొంటాం, హాల్లో ఓ మూల పెడతాం, లోపల బల్బు వేస్తే చూడ ముచ్చటగా ఉంటుంది. ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. ఆట కట్టమని అడిగేవాళ్లు లేని రోజుల్లో ఆ కుటుంబాలకు ఇంత అన్నం పెట్టింది ఆ లాంప్‌షేడే. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. తోలు ఉంది, రంగు ఉంది, వెనక దీపం కూడా ఉంది. ఆ వెనక కూర్చుని మాట్లాడే మనిషి మాత్రం లేడు.

ఆ మనిషి ఏం మాట్లాడేవాడో ఈ తరానికి కొంచెం చెప్పాలి. రామాయణమో భారతమో తెల్లవార్లూ నడిచేది. యుద్ధం వస్తే తెర వెనక చెక్క పలకల మీద దబదబా తొక్కేవాళ్లు. కానీ జనం కునుకు తీయకుండా కాచుకుని కూర్చున్నది హాస్యపు బొమ్మలైన కేతిగాడి కోసం, బంగారక్క కోసం, జుట్టుపోలిగాడి కోసం. రావణుడి కొలువు మధ్యలో వీళ్లు ఊడిపడేవాళ్లు. వీళ్లకు రాసిపెట్టిన మాటలు ఉండవు. ఊళ్లోకి రాగానే ఎవరి చేను ఎవరు కలుపుకున్నారో, పంచాయితీలో పెద్దమనిషి ఎటు మొగ్గాడో ఆరా తీసి, రాత్రికి దాన్ని కేతిగాడి నోట్లో పెట్టేవాళ్లు. ఆ పెద్దమనిషి ముందు వరుసలోనే కూర్చుని ఉంటాడు. నవ్వక తప్పదు. కోపం తెచ్చుకుంటే ‘గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టే’ మరి! కొంత బూతు కూడా దొర్లేది, దాచడం దేనికి. అయినా మర్నాడు రచ్చబండ దగ్గర ఏ మాట ఎత్తాలో ఊరికి ధైర్యం వచ్చేది.

బుర్రకథలో అయితే ఈ పనికి ఏకంగా ఒక మనిషినే కేటాయించారు. మధ్యలో కథకుడు, అటూ ఇటూ ఇద్దరు వంతలు. ఒక వంత హాస్యం చెబుతాడు. రెండో వంతది రాజకీయం. కథ ఎంత పాతదైనా దాన్ని ఈనాటి బియ్యం ధరకీ, ఈనాటి పాలకుడికీ ముడిపెట్టడం అతని పని. అందుకే అటు మద్రాసు ప్రభుత్వమూ, ఇటు నిజాం సర్కారూ బుర్రకథను నిషేధించాయి. వంతల చేతిలోని గుమ్మెట డోలు మోగితే భయపడిన సర్కార్లు అవి. బుర్రకథకుడు నాజర్ గొంతు విన్న తరానికి ఆ భయం ఎందుకో చెప్పనక్కర్లేదు. ఆయనకు 1986లో పద్మశ్రీ ఇచ్చారు.

తర్వాత వచ్చిన ప్రభుత్వాలు తెలివిమీరాయి. నిషేధిస్తే పేరొస్తుందని గ్రహించి పనిలో పెట్టుకున్నాయి. కుటుంబ నియంత్రణ, పల్స్ పోలియో, ఎయిడ్స్, ఇప్పుడు సంక్షేమ పథకాలు... అన్నింటికీ బుర్రకథే, ఒగ్గుకథే. ఆరోగ్య ప్రచారాన్ని మేము తక్కువ చేయడం లేదు. జనానికి మేలు జరిగింది, నాలుగు కథా దళాలు బతికాయి. కాకపోతే రాజకీయం చెప్పాల్సిన వంత చేతికి శాఖవారు టైపు చేసిన కాగితం వచ్చింది. తెలంగాణ వచ్చాక ఉద్యమ కళాకారులకు ప్రభుత్వ సంస్థ అయిన సాంస్కృతిక సారథిలో ఉద్యోగాలిచ్చారు. ఉద్యమ పాటల సభలైన ధూంధాంలో ఊళ్లకు ఊళ్లను కదిలించిన గొంతులకు నెల జీతం రావడం న్యాయమే. అయితే జీతమిచ్చే చేతిని గురించి పాట కట్టగలరా అన్న ప్రశ్న అప్పుడూ ఉంది, ప్రభుత్వం మారాకా ఉంది.

గుర్తింపు ఒకటే సరిపోదనడానికి పన్నెండు మెట్ల కిన్నెర అనే తీగ వాద్యం మీటుతూ పాడే మొగులయ్య ఉన్నారు. 2022లో పద్మశ్రీ అందుకున్నారు, 2024లో కూలి పనిలో కనిపించి వార్త అయ్యారు. ఆయన పాడేది ఎవరి కథ? పుస్తకాలకెక్కని పండుగ సాయన్న కథ, ఉన్నవాళ్లను కొట్టి లేనివాళ్లకు పంచినవాడి కథ. ఆ కిన్నెరే లేకపోతే మనలో ఎందరికి సాయన్న పేరు తెలిసేది?

ఫోన్‌లో నాలుగు మాటలు టైపు చేస్తే నిమిషంలో బొమ్మ వస్తోంది, పాట వస్తోంది. ఇక కళాకారులెందుకని కుర్రాళ్లు అడుగుతున్నారు. మంచి ప్రశ్నే. కృష్ణుడి బొమ్మ కావాలంటే యంత్రం గీసి ఇస్తుంది. మీ ఊరి చెరువు శిఖం భూమిలో వెంచర్ ఎవరిదో దానికి తెలియదు. తెలిసినా, ఆ వెంచర్ ఓనరు ఎదురుగా కుర్చీలో ఉండగా అనాలి కదా. అందుకు మనిషి కావాలి, కాస్త తెగువ ఉన్న మనిషి.

తెగువకు ఇప్పుడు టెన్షన్ ఎక్కువైంది. 2022 ఆగస్టులో హైదరాబాద్‌లో ఒక స్టాండప్ కమెడియన్ నవ్వించడానికి వస్తే గట్టి పోలీసు బందోబస్తు మధ్య ఆట నడిచింది. కార్టూన్‌కి కేసు, పాటకి కేసు, రీల్‌కి కేసు. ఏ పార్టీ అధికారంలో ఉంటే ఆ పార్టీ కార్యకర్తల మనసు గాయపడుతుంది. కరణాలూ మునసబులూ ఇంతకంటే గట్టి గుండె ఉన్నవాళ్లేమో.

ఆంధ్రప్రదేశ్‌లో డప్పు కళాకారులకు నెలకు 4,000 రూపాయల పింఛను ఇస్తున్నారు. మంచిదే, ఉండాలి. కానీ పింఛను వయసైపోయిన కళాకారుడికి. ఆడగలిగినవాడికి కావాల్సింది ఆట. మంత్రిగారి హెలికాప్టర్ దిగే దాకా ఎండలో డప్పు కొట్టించి, ఆయన కారెక్కగానే సర్దుకోమనడం ఆట కాదు. రాష్ట్రావతరణ దినోత్సవం నాడు ఐదు నిమిషాలు స్టేజీ ఎక్కించి దించడమూ కాదు. పండగ ప్రత్యేక సంచికలో రంగుల ఫొటో వేసి చేతులు దులుపుకునే మా పత్రికలకూ ఇందులో వాటా ఉంది.

జాతరల్లో డీజేకి, బాణసంచాకి ఖర్చు పెట్టే డబ్బులో కొంత చాలు ఒక బృందాన్ని రాత్రంతా ఆడించడానికి. దేవస్థానాలకు, పంచాయతీలకు, కాలనీ సంఘాలకు అది బరువేమీ కాదు. షరతు ఒక్కటే. స్క్రిప్టు ముందుగా చూపించమని అడగకూడదు.

ఈసారి తిరునాళ్లకు ఊరి మధ్య ఒక తెల్ల తెర కట్టించండి. బొమ్మలాటవాళ్లను పొద్దున్నే రమ్మనండి, ఊళ్లో నలుగురితో మాట్లాడుకోనివ్వండి. రాత్రికి ముందు వరుసలో సర్పంచుకి, ఎమ్మెల్యేకి, కాంట్రాక్టరుకి కుర్చీలు వేయండి. మాకూ ఒకటి వేయండి.